పిగ్మీ బ్లూటంగ్ బల్లికి కొయ్య బొరియలు: కొలతలెంత, గొర్రెల్ని ఏం చేయాలి?

ప్రశ్న
దక్షిణ ఆస్ట్రేలియాలో బర్రా దగ్గర, తెలిసినవాళ్ల గొర్రెల బీడులో ఈ బల్లులున్నాయి. అనుమతి ఉన్న బృందంతో కలిసి వాటి కోసం కొయ్య బొరియలు (కర్రకు రంధ్రం వేసి చేసిన కృత్రిమ బొరియలు) నేలలో దించబోతున్నాం. లోతు, వెడల్పు ఎంతుండాలి? ఏ నెలలో దించాలి? గొర్రెల్ని పూర్తిగా ఆపేయాలా?

జవాబు 1
ఇది మన నలికిరి కుటుంబమేనండీ, కానీ తన బొరియ తాను తవ్వుకోదు. తోడేలు సాలీళ్లు, ట్రాప్‌డోర్ సాలీళ్లు (కన్నానికి మూత పెట్టుకునేవి) తవ్విన నిలువు కన్నాల్లో చేరుతుంది.

30 సెం.మీ. పొడవు, 3 సెం.మీ. మందం ఉన్న గుండ్రటి కర్రకు నిలువునా 2 సెం.మీ. రంధ్రం వేయించండి. ఇనుప కడ్డీతో నేలలో దారి చేసి, సుత్తితో దించండి. పై అంచు నేలకు సమంగా ఉండాలి. పొడుచుకొస్తే గొర్రె కాలు తగిలి కదులుతుంది, దిగిపోతే మట్టి జారి పూడుతుంది. నీళ్లు నిలిచే పల్లం వద్దు. వెడల్పు పెంచితే మేలనుకోకండి. లోతుగా, ఒంటికి సరిపడా ఇరుకుగా ఉన్న కన్నాన్నే ఇది ఎంచుకుంటుంది.

గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది, జనవరి నుంచి మార్చి లోపు. కొద్ది వారాలకే పిల్లలు తల్లిని వదిలి సొంత కన్నం వెతుక్కుంటాయి. కాబట్టి డిసెంబరులోపే దించేయండి. పిల్లల కోసం ఇంకా సన్న రంధ్రంవి కొన్ని కలపండి.

జవాబు 2
గొర్రెల్ని పూర్తిగా ఆపొద్దండీ. ఈ బల్లి బొరియ మూతి దగ్గరే ఎండ కాచుకుంటూ, దాపుకొచ్చిన మిడతను ఒక్క ఉరుకులో పట్టి మళ్లీ లోపలికి జారుకుంటుంది. గడ్డి కమ్మేస్తే ఎండా అందదు, మిడతా కనబడదు. అలాగని బీడు బోడిగా మేపేస్తే గిట్టల కింద కన్నాలు కూలిపోతాయి, కొత్తవి తవ్వే సాలీళ్లూ తగ్గుతాయి. మితంగా మేపి, కుదుళ్లు మిగిలుండగానే మంద మార్చండి.

అసలు ముప్పు నాగలి. దున్నితే సాలీడు బొరియలు ఒక్కటీ మిగలవు. 1959 తర్వాత జాడలేక అంతరించిందనుకున్న బల్లి 1992లో బర్రా దగ్గర చచ్చిన బ్రౌన్ పాము కడుపులో బయటపడింది. అప్పటికి అది బతికున్నది ఇలాంటి దున్నని బీళ్లలోనే. కొయ్య బొరియలు పెట్టాం కదా అని పక్క బీడు దున్నేస్తే ఒప్పుకోవద్దు.

ప్రశ్న అడిగినవారు
ఖాళీ బీడుకు కొన్నిటిని తరలిస్తే నిలుస్తాయా?

జవాబు 1
వదిలిన వెంటనే చెదిరిపోవడమే చిక్కు. మొదటి రోజుల్లో బొరియ దగ్గరే మేత అందిస్తే అక్కడక్కడే ఉంటాయని ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయం పరీక్షల్లో తేలింది. కానీ అనుమతి లేకుండా చేత్తో పట్టుకోకూడదు. ఉన్నదీ లేనిదీ చూడటానికి కర్ర పెరకొద్దు, సన్నటి ఎండోస్కోప్ (గొట్టం కెమెరా) దించితే చాలు.