యు-బోట్‌లో 20 టన్నుల బంగారం: సోనార్ బొమ్మ చూపించి చెప్పే కథల్ని తేల్చుకునేదెలా?

తీరరేఖ:
ఈ మధ్య యూట్యూబ్‌లో ఒకే మూసలో వీడియోలు వరసపెట్టి వస్తున్నాయి. అర్జెంటీనా వైపు సముద్రం అడుగున పొడుగాటి ఆకారం సోనార్‌లో (శబ్దం పంపి అడుగుని బొమ్మగా చూపే పరికరం) పడిందంటారు. 1945 మేలో జర్మనీ నుంచి జారుకున్న యు-బోట్ (జర్మన్ సబ్‌మెరైన్) అదేనంటారు. లోపల రైఖ్స్‌బ్యాంక్ (అప్పటి జర్మన్ కేంద్ర బ్యాంకు) బంగారం 20 టన్నులు ఉందని ముగిస్తారు. యు-530, యు-977 రెండూ యుద్ధం అయ్యాక అర్జెంటీనాలోని మార్ డెల్ ప్లాతా రేవుకి వచ్చి లొంగిపోయాయి, అది నిజమే. అలాంటిది మూడోది ఎందుకు ఉండకూడదన్నది వాళ్ళ వాదన.

అంత బరువు ఆ సైజు సబ్‌మెరైన్‌లో పడుతుందా? సముద్రంలో బంగారం ఎటు నుంచి ఎటు వెళ్ళిందో కాగితాల్లో ఏముంది? సోనార్ బొమ్మ ఒక్కటీ చూసి యు-బోట్ అని చెప్పొచ్చా? లెక్కలతో చెప్పగలిగినవాళ్ళు చెప్పండి.

లంగరు:
బరువుతో మొదలుపెడదాం. ఇక్కడ చాలామంది "అసలు పట్టదు" అని కొట్టిపారేస్తారు, అది తప్పు. బంగారం సాంద్రత నీటికి 19.3 రెట్లు. 20 టన్నులంటే ఒక ఘనపు మీటరు కంటే ఓ పిసరు ఎక్కువ, అంతే. 12.5 కిలోల బ్యాంకు కడ్డీలైతే 1,600. యు-బోట్లలో టైప్ 7సి రకం మామూలుగా 14 టార్పెడోలు మోస్తుంది, ఒక్కోటీ సుమారు 1.6 టన్నులు. అవి దింపేస్తే 22 టన్నులు ఖాళీ అయినట్టే. కాబట్టి చోటూ సరిపోతుంది, మొత్తం బరువూ సరిపోతుంది.

సరిపోనిది తూకం. నీళ్ళలో మునిగిన సబ్‌మెరైన్ తన బరువూ తను తోసిన నీటి బరువూ సమానంగా ఉంటేనే నిలకడగా ఉంటుంది. ముక్కు దగ్గరా తోక దగ్గరా ఉన్న ట్రిమ్ ట్యాంకుల్లో నీళ్ళు అటూ ఇటూ పంపు చేసి సరిచేసుకుంటారు. ఆ ట్యాంకులు వంటసరుకు తగ్గడం, ఒక టార్పెడో వదలడం లాంటి చిన్న మార్పులకి పెట్టినవి. ఒకే గదిలో 20 టన్నులు పోగేస్తే ముక్కు దిగబడుతుంది, మళ్ళీ లేవదు. అందుకే బరువైన సరుకుని అడుగున కీల్‌లో (బోటు వెన్నులాంటి భాగం) పేర్చి, ఆ మేరకి అక్కడి బ్యాలస్ట్ (నిలకడ కోసం పెట్టే బరువు) తీసేసేవారు. యు-234కి బయటి కీల్ పలకలు ఊడదీసి ఆ సందులో పాదరసం సర్దారు. అది డాక్‌యార్డులో క్రేన్లు, ఫిట్టర్లు కలిసి చేసే పని. రాత్రికి రాత్రి నలుగురు నావికులు గుట్టుగా పెట్టెలు ఎక్కించడంతో అయ్యేది కాదు. అంత పని జరిగితే ఎక్కడో ఒకచోట కాగితం ఉంటుంది, ఎవరో ఒకరు నోరు విప్పుతారు.

దూరం సంగతికొస్తే, టైప్ 7సి నీటిపైన 10 నాట్ల వేగంతో (గంటకి 10 నాటికల్ మైళ్ళు) 8,500 నాటికల్ మైళ్ళు పోగలదు. బ్యాటరీ మీద మునిగి పోతే 4 నాట్లతో 80 మైళ్ళు, ఆ పైన స్నార్కెల్ (నీటిపైకి గాలి కోసం ఎత్తే గొట్టం) ఎత్తి డీజిల్ నడిపి ఛార్జింగ్ చేసుకోవాల్సిందే. యు-977 ఈ రకమే. 1945 మే 2న నార్వేలో క్రిస్టియాన్‌సాండ్ వదిలి ఆగస్టు 17న మార్ డెల్ ప్లాతా చేరింది, 107 రోజులు. అంటే ప్రయాణం సాధ్యమే. కానీ ఆ రెండు బోట్లనీ అమెరికా వాళ్ళు తీసుకెళ్ళారు, సిబ్బందిని విడివిడిగా ప్రశ్నించారు, చివరికి టార్పెడో గురికి పెట్టి ముంచేశారు: యు-977ని 1946 నవంబరులో, యు-530ని 1947 నవంబరులో. వాటిలో బంగారం దొరకలేదు. యు-530 వాళ్ళు లాగ్‌బుక్కునీ డెక్ మీది తుపాకీనీ ముందే సముద్రంలో పారేసి వచ్చారు. పుకార్లకి మేత అదే.

అట్లాసు:
లంగరు గారు చెప్పినదానికి కొనసాగింపు. నన్నడిగితే అసలు చిక్కు ప్రయాణం దిక్కులో ఉంది. యుద్ధకాలంలో సబ్‌మెరైన్లు బంగారం మోసిన మాట వాస్తవం. కానీ పేరూ తేదీతో రికార్డుకెక్కిన పెద్ద సరుకులు జపాన్ నుంచి జర్మనీకి వెళ్ళినవి. జర్మన్ సాంకేతికతకి జపాన్ కట్టిన బిల్లు అది. జర్మనీ నుంచి తూర్పుకి పోయినవి పాదరసం, ఆప్టికల్ గాజు, డిజైన్లు, విడదీసిన యంత్రాలు. యు-234 తీసుకోండి: పెట్టెల్లో మీ-262 జెట్ విమానం, 560 కిలోల యురేనియం ఆక్సైడ్. 1945 మేలో అట్లాంటిక్‌లో అమెరికన్లకి లొంగిపోయింది. సరుకంతా అమెరికాలోని పోర్ట్స్‌మత్‌లో దింపి జాబితా రాశారు.

మనకి బాగా తెలిసిన ఘటనలోనే బంగారం ఉందని చాలామందికి తెలియదు. 1943 ఏప్రిల్ చివర్లో మడగాస్కర్‌కి ఆగ్నేయంగా, సుభాష్ చంద్రబోస్, ఆయనతో మన హైదరాబాదీ ఆబిద్ హసన్, యు-180 నుంచి రబ్బరు తెప్పలో జపాన్ వాళ్ళ ఐ-29కి మారారు. అదే చోట ఐ-29 నుంచి సుమారు 2 టన్నుల బంగారం యు-180లోకి ఎక్కింది, బెర్లిన్‌లోని జపాన్ రాయబార కార్యాలయం కోసం. ఆ బోటు జులైలో క్షేమంగా బోర్డో చేరింది. మరుసటి ఏడాది ఆగస్టులో వేరే ప్రయాణం మీద బిస్కే అఖాతంలో కనబడకుండా పోయింది. "నేతాజీ బోటులో మునిగిన బంగారం" అనే వీడియోలు ఈ రెండు ప్రయాణాల్నీ కలిపి కుట్టినవే.

సముద్రం అడుగున ఉందని పత్రాలు చెప్పే బంగారం కావాలంటే జపాన్ సబ్‌మెరైన్ ఐ-52 ఒక్కటి చూడండి. 49 పెట్టెల్లో 146 కడ్డీలు, సుమారు 2 టన్నులు. తోడుగా 228 టన్నుల తగరం, మాలిబ్డినం, టంగ్‌స్టన్, 54 టన్నుల రబ్బరు, 3 టన్నుల క్వినైన్, ఇంకా నల్లమందు. 1944 జూన్‌లో అట్లాంటిక్ మధ్యలో యు-530ని కలుసుకుంది. అవును, మళ్ళీ అదే యు-530. కాసేపటికే బోగ్ అనే అమెరికన్ క్యారియర్ మీంచి వచ్చిన అవెంజర్ విమానాలు నీళ్ళలో సోనోబోయ్‌లు (చప్పుడు పట్టి రేడియోలో పంపే తేలే పరికరాలు) వదిలి చప్పుడు విన్నాయి, శబ్దాన్ని వెంటాడే మార్క్ 24 టార్పెడో వేశాయి. 1995లో పాల్ టిడ్వెల్ బృందం దీన్ని 5,000 మీటర్లకి పైగా లోతులో కనిపెట్టింది. పాత యుద్ధనౌకల లాగ్‌బుక్కులన్నీ తీసి, వాటి ప్రయాణ మార్గాల్ని కొత్తగా లెక్కగట్టి వెతికారు. 1998లో మీర్ అనే లోతు సముద్రపు చిన్న సబ్‌మెరైన్లతో దిగి ఒక లోహపు పెట్టె పైకి తెచ్చారు. తెరిస్తే నల్లమందు. బంగారం చేతికి రాలేదు.

అక్కడ ఇబ్బంది ఏంటంటే 2 టన్నుల బంగారం మొత్తం కలిపితే అరమీటరు అంచున్న ఘనం కూడా కాదు. దాన్ని వందకి పైగా మీటర్ల పొడవున్న తుక్కులో, తగరం దిమ్మెల మధ్య, ఐదు కిలోమీటర్ల లోతులో వెతకాలి.

పాదరసం మాత్రం నిజంగానే దొరికింది. యు-859ని 1944 సెప్టెంబరులో పెనాంగ్ దగ్గర బ్రిటిష్ సబ్‌మెరైన్ ట్రెంచంట్ ముంచింది, అందులో 31 టన్నుల పాదరసం ఉంది. 1972లో 12 టన్నులు తీసి సింగపూర్ తెస్తే, అది జర్మన్ ప్రభుత్వానిదేనని అక్కడి హైకోర్టు తేల్చింది. నార్వేలో ఫెడ్యే దీవి దగ్గర 150 మీటర్ల లోతులో పడున్న యు-864 పరిస్థితి ఇంకా ఘోరం. 1,857 ఉక్కు సీసాల్లో 67 టన్నులు. సీసాలు తుప్పుపట్టి కారుతున్నాయి, ఆ చుట్టుపక్కల చేపలు పట్టడం నిషేధం. నిధి అనుకున్నది నార్వే నెత్తిన ఖర్చయి కూర్చుంది.

ఇక రైఖ్స్‌బ్యాంక్ బంగారం. 1945 ఫిబ్రవరి 3న బెర్లిన్ మీద బాంబులు పడ్డాక దాన్ని రైళ్ళలో మెర్కర్స్ ఉప్పు గనికి తరలించారు. ఏప్రిల్‌లో అమెరికా థర్డ్ ఆర్మీ గని తెరిస్తే 8,198 కడ్డీలు, నాణేల సంచులు, నోట్లు బయటపడ్డాయి. వీడియో చేసినవాళ్ళు ముందు చెప్పాల్సింది, ఆ లెక్కలో ఏ 20 టన్నులు తగ్గాయో.

ఉప్పునీళ్ళు:
సోనార్ ప్రశ్నకి నా జవాబు. బొమ్మ ఇస్తే చాలదు, అసలు ఫైలు కావాలి (మామూలుగా ఎక్స్‌టీఎఫ్ ఫార్మాట్). స్క్రీన్‌షాట్‌లో పొడవుని నమ్మకండి. సైడ్ స్కాన్ సోనార్ బొమ్మని పడవ ముందుకి కదిలేకొద్దీ గీత గీతగా పేరుస్తుంది కాబట్టి, వేగం తప్పుగా నమోదైతే 50 మీటర్ల చేపల పడవ కూడా 70 మీటర్లకి సాగి కనిపిస్తుంది. ఒకే వస్తువుని కనీసం రెండు వేర్వేరు దిశల్లో దాటి కొలవాలి. రెండు కొలతలూ కలవకపోతే ఆ పొడవు పనికిరాదు.

ఎత్తు నీడలోంచి వస్తుంది. నీడ పొడవుని, అడుగు నుంచి సోనార్ చేప (పడవ వెనక తాడుతో లాగే సోనార్ పరికరం) ఎంత ఎత్తులో ఉందో దానితో గుణించి, చేప నుంచి నీడ చివరిదాకా దూరంతో భాగించాలి. చేప 20 మీటర్ల ఎత్తు, నీడ 30, చివరిదాకా దూరం 100 అనుకుంటే వస్తువు ఎత్తు 6 మీటర్లు. చేప ఎత్తు ఒక పక్క చూసే పరిధిలో పదో వంతు నుంచి ఐదో వంతు లోపు ఉంచాలి. మరీ పైకి పోతే నీడలు కురచవుతాయి, బొమ్మ చదునుగా వస్తుంది. 100 కిలోహెర్ట్జ్‌తో దూరం వెతుకుతారు, దొరికాక 400-500 కిలోహెర్ట్జ్‌తో దగ్గరగా పోయి వివరం తీస్తారు. వీడియోల్లో చూపించేది ఎక్కువగా మొదటి రకం బొమ్మే, అందులో సబ్‌మెరైనూ రాతి గట్టూ ఒకేలా ఉంటాయి.

సరిపోల్చడానికి కొలతలు: టైప్ 7సి 67.1 మీటర్లు, 9సి 76.8, 9డి2 87.6, టైప్ 21 అయితే 76.7. 9సి, 21 రెండూ పొడవులో ఒకటే, కానీ 21కి టవర్ నున్నగా సాగి ఉంటుంది, డెక్ మీద తుపాకీ ఉండదు. పేలుడులో ముక్కు తెగిపోయి ఉంటే పొడవు తగ్గుతుంది, వలలు చుట్టుకుంటే నీడ ఉబ్బుతుంది. ఈ రెండూ తరచూ జరిగేవే.

"మాగ్నెటోమీటర్‌లో బంగారం సిగ్నల్ వచ్చింది" అని ఎవరైనా అంటే అక్కడే వీడియో ఆపేయండి. బంగారం అయస్కాంతానికి స్పందించదు, అందేది ఉక్కు పొట్టు మాత్రమే. అదీ దూరం రెట్టింపైతే ఎనిమిదో వంతుకి పడిపోతుంది. అట్లాంటిక్ లోతుల్లో సోనార్ చేపని దింపాలంటే కిలోమీటర్ల కొద్దీ కేబుల్ వదలాలి, ఒక లైను అయ్యి ఓడ మలుపు తిరిగి మళ్ళీ సరిగ్గా రావడానికే గంటలు పడుతుంది. చిన్న పడవలో వెళ్ళి రెండు రోజుల్లో కనిపెట్టామంటే లోతు ఎంతో అడగండి.

"రికార్డులో చోటు లేదు కాబట్టి పారిపోయింది" అనే వాదన కూడా నిలవదు. ముంచినవాళ్ళు చెప్పే చోటు తప్పడం మామూలే. 1945 మే 6న విమానం ముంచిన యు-3523 అర్జెంటీనా పారిపోయిందని ఏళ్ళ తరబడి రాశారు. 2018లో డెన్మార్క్‌లోని స్కాగెన్‌కి ఉత్తరాన దొరికింది: లోతు 123 మీటర్లు, ముక్కు బురదలో పాతుకుపోయి, తోక 20 మీటర్లు పైకి లేచి ఉంది. విమానం చెప్పిన చోటికి సుమారు 9 నాటికల్ మైళ్ళ దూరం. యు-869ని మొరాకో వైపు మునిగిందని రాసుకుంటే న్యూజెర్సీ దగ్గర 70 మీటర్ల లోతులో బయటపడింది. 1991లో దొరికితే పేరు తేలడానికి 1997 దాకా పట్టింది. మధ్యలో హోరెన్‌బర్గ్ (ఆ బోటు సిబ్బందిలో ఒకరి పేరు) అని చెక్కిన కత్తి దొరికినా అది చాలలేదు, కత్తి చేతులు మారి ఉండొచ్చు కదా. చివరికి లోపలి విడిభాగాల పెట్టెకున్న చిన్న బిళ్ళ మీద నంబరు చదివాకే ఒప్పుకున్నారు. ఆ శిథిలంలో ముగ్గురు డైవర్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అంత లోతులో ఇరుకు గదుల్లోకి దూరడం ఆటలు కాదు.

తీరరేఖ:
చాలా ఉపయోగపడింది, థాంక్యూ అందరికీ. ఇంకో రెండు. నిధి ఆశతో ఏదైనా యు-బోట్‌ని నిజంగా పైకి లాగారా? విశాఖ దగ్గర మునిగిన జపాన్ సబ్‌మెరైన్ గురించి కూడా ఇలాంటి మాటే వినపడుతోంది, దాని సంగతేంటి?

లంగరు:
లాగారు. యు-534. 1945 మే 5న డెన్మార్క్, స్వీడన్ మధ్యనున్న కాటెగాట్ సముద్రంలో లిబరేటర్ విమానాలు ముంచాయి. లొంగిపోమన్న ఆదేశం వచ్చాక కూడా జెండా దించకుండా పోయింది కాబట్టి లోపల ఏదో ఉందనుకున్నారు. 1986లో డెన్మార్క్ డైవర్ ఒకాయన 67 మీటర్ల లోతులో కనిపెట్టారు, 1993 ఆగస్టులో డచ్ సాల్వేజ్ ఓడలతో ఎత్తారు. ఎనిగ్మా యంత్రం (సందేశాల్ని రహస్య లిపిలోకి మార్చేది), కాగితాలు, మూడు కొత్తరకం టి-11 టార్పెడోలు దొరికాయి, బంగారం ఒక్క గ్రాము లేదు. 52 మందిలో 49 మంది బతికారు. ఎత్తే ముందు వాళ్ళ మాట విని ఉంటే సరిపోయేది. తర్వాత దాన్ని ముక్కలుగా కోసి లివర్‌పూల్ ఎదురుగా బర్కెన్‌హెడ్‌లో ప్రదర్శనకి పెట్టారు.

ఉప్పునీళ్ళు:
విశాఖ దగ్గరది ఆర్ఓ-110. 1944 ఫిబ్రవరి 11న కొలంబో నుంచి కలకత్తా పోయే జేసీ-36 కాన్వాయ్‌లో ఆస్ఫేలియన్ అనే ఓడని టార్పెడోతో కొట్టింది. వెంటనే మన జమునా, ఆస్ట్రేలియా ఓడలు లాన్సెస్టన్, ఇప్స్‌విచ్ కలిసి డెప్త్ ఛార్జీలు వేసి ముంచాయి. అది పెనాంగ్ నుంచి వేటకి వచ్చిన చిన్న రకం, పొడవు 61 మీటర్ల లోపే. సరుకు మోసే పని దానికి లేదు, జర్మనీ దాకా పోయే శక్తీ లేదు. బంగారం ఎక్కించే కారణమే కనిపించదు.

ఎవరైనా "విశాఖ సబ్‌మెరైన్" అని సోనార్ బొమ్మ పెడితే పొడవు కొలవండి. 95 మీటర్లు వస్తే 1971లో మునిగిన పాకిస్తాన్ ఘాజీ, 61 దగ్గర వస్తే ఆర్ఓ-110. రెండింటిలోనూ సిబ్బంది అంతా లోపలే పోయారు. డైవింగ్ ఆలోచన ఉంటే ముందు నేవీ అనుమతి సంగతి చూసుకోండి.