ఏపెక్స్ కోడు పరిమితి నిండిపోతోంది, ప్యాకేజీగా విడదీస్తే తగ్గుతుందా?

మా సేల్స్‌ఫోర్స్ (కస్టమర్ల వివరాలు నడిపే క్లౌడ్ సాఫ్ట్‌వేర్) ప్రొడక్షన్‌లో, అంటే అసలు వాడకంలో ఉన్న సిస్టమ్‌లో, ఏపెక్స్ (దాని ప్రోగ్రామింగ్ భాష) క్లాసెస్ పేజీ 97 శాతం వాడకం చూపిస్తోంది. పరిమితి 60 లక్షల అక్షరాలు. కామెంట్లు, టెస్ట్ క్లాసులు ఎలాగూ ఈ లెక్కలోకి రావు, కాబట్టి వాటి జోలికి వెళ్లలేదు.

ఎవరూ పిలవని పాత క్లాసుల్ని డిస్ట్రక్టివ్ చేంజెస్ ఫైలుతో (తొలగించాల్సిన వాటి జాబితా) తీసేశాం. డబ్ల్యూఎస్‌డీఎల్ (బయటి వెబ్ సర్వీసును వివరించే ఫైలు) నుంచి తయారైన క్లాసుల్లో (అసలు బరువంతా వీటిదే) వాడని మెథడ్లు కోసేశాం. రెండూ కలిపి తగ్గింది ఒక్క శాతం. తర్వాతి రిలీజ్‌తో అదీ పోయింది.

ఇక మిగిలింది ఇన్‌వాయిస్ కోడును సొంత నేమ్‌స్పేస్‌తో (కోడు పేర్ల ముందు చేరే ప్రత్యేక గుర్తు) అన్‌లాక్డ్ ప్యాకేజీగా (విడిగా ఇన్‌స్టాల్ చేసే కోడు కట్ట) విడదీయడమే. అలా చేస్తే బయటి కోడు పిలిచే పబ్లిక్ మెథడ్లన్నీ గ్లోబల్ (నేమ్‌స్పేస్ బయటి నుంచీ పిలవగలిగేలా) చేయాలి, చిన్న పని కాదు. అందుకే ముందే అడుగుతున్నా: ఇలా విడదీసినవాళ్లెవరైనా ఉంటే, ఆ శాతం నిజంగా తగ్గిందా?