పర్లాకిమిడిలో తెలుగు చానెళ్ళు: కేబుల్ తీసేసి అంతా నెట్ మీదే నడపొచ్చా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

నమస్కారం అండి. హాల్లో 43 అంగుళాల స్మార్ట్ టీవీ, వెనక గదిలో ఎరుపు-తెలుపు-పసుపు పిన్నుల పాత డబ్బా టీవీ, ఇంట్లో మూడు ఫోన్లు, 40 ఎంబీపీఎస్ ఫైబర్ నెట్. కేబుల్‌లో ఇస్తున్నది ఒడియా ప్యాక్, అందులో తెలుగువి రెండో మూడో. అమ్మకి సాయంత్రం సీరియళ్ళు తెలుగులో, టైముకి, టీవీ పెట్టగానే రావాలి. యాప్ తెరిచి వెతకడం ఆవిడ వల్ల కాదు. పిల్లలు ఒడియా మీడియం, చూసేదంతా ఫోన్లలో. క్రికెట్ మాత్రం అందరం హాల్లోనే చూస్తాం.

కేబుల్ తీసేసి అంతా నెట్ మీద నడపొచ్చా? దూరదర్శన్ వాళ్ళ ఫ్రీ డిష్‌లో తెలుగు ఏమాత్రం వస్తుంది? రాత్రి ఎనిమిది దాటితే వీడియో ఆగి ఆగి తిరుగుతుంది, తప్పు నెట్‌దా టీవీదా అన్నది ఎలా తేల్చుకోవాలి?

నాగావళి (రాయగడ):

అంతా నెట్ మీదకి మార్చకండి. టైముకి కూర్చుని చూసేవాళ్ళకి బాక్స్ ఉండాలి, వీలైనప్పుడు చూసేవాళ్ళకి నెట్ చాలు. మీ ఇంట్లో రెండు రకాల వాళ్ళూ ఉన్నారు.

ముందు కేబుల్ సంగతి. ఒడియా ప్యాక్ అన్నది ఆపరేటర్ తన వీలు కోసం కట్టిన మూట. 2019 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న ట్రాయ్ (టెలికాం, టీవీ సేవల నియంత్రణ సంస్థ) పద్ధతిలో, ఆపరేటర్ దగ్గర ఉన్న ఏ చానెలైనా విడిగా తీసుకునే హక్కు మనది. నెట్‌వర్క్ ఫీజు ఒకటి, ఎంచుకున్న పే చానెళ్ళ ధర ఒకటి, రెండిటి మీదా 18 శాతం జీఎస్టీ. ఫీజు 130 అనుకోండి, ఒక్కోటి 19 రూపాయల చొప్పున నాలుగు తెలుగు చానెళ్ళు 76. మొత్తం 206, పన్నుతో 243 చిల్లర. ఆ 130 మొదట్లో 100 చానెళ్ళకి, 2020 నుంచి 200 చానెళ్ళకి గరిష్ఠ పరిమితిగా ఉండేది. 2024 జులైలో ట్రాయ్ ఆ పరిమితి ఎత్తేసింది కాబట్టి మీ ఆపరేటర్ ఎంత వేస్తున్నాడో బిల్లులో విడిగా రాయించుకోండి. రెండో టీవీకి రెండో బాక్స్ పెడితే అది ఇంకో కనెక్షన్ కింద లెక్క. ఆ ఫీజు కూడా ముందే అడగాలి.

చిన్న ఊళ్ళలో అసలు చిక్కు వేరే. ఆపరేటర్ సిగ్నల్ తెచ్చుకునే పై నెట్‌వర్క్‌లోనే ఆ తెలుగు చానెల్ లేకపోతే, మీరెంత అడిగినా అతను ఇవ్వలేడు. అప్పుడు డీటీహెచ్ మేలు, అంటే ఇంటి మీద డిష్ పెట్టుకుని ఉపగ్రహం నుంచి నేరుగా తీసుకునే కనెక్షన్. పైనుంచి వచ్చే సిగ్నల్‌కి రాష్ట్రాల సరిహద్దు లేదు, విజయవాడలో దిగే తెలుగు చానెళ్ళే పర్లాకిమిడిలోనూ దిగుతాయి. కాకపోతే ఒడిశా పిన్‌కోడ్ కొట్టగానే యాప్ ఒడియా ప్యాకులే ముందు చూపిస్తుంది. అక్కడే ఆగిపోకుండా భాష తెలుగు అని మార్చి చూడండి, లేదా డీలర్‌ని తెలుగు ప్యాక్ పేరు పెట్టి అడగండి. డబ్బు కట్టే ముందు అమ్మగారు చూసే చానెళ్ళు ఒక కాగితం మీద రాసుకుని, ప్యాక్ జాబితాలో ఒక్కొక్కటీ సరిచూసుకోండి. "తెలుగువన్నీ వస్తాయి" అన్న మాట మీద కట్టొద్దు.

గంజాం డిష్ (బరంపురం):

ఫ్రీ డిష్ గురించి నేను చెప్తాను.

ఇది 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైంది. నెల అద్దె లేదు, డిష్షూ బాక్సూ ఒకసారి కొనుక్కోవడమే. తెలుగులో డీడీ సప్తగిరి, డీడీ యాదగిరి ఉంటాయి, డీడీ ఒడియా కూడా వస్తుంది. నెలనెలా డబ్బు కట్టే పే చానెళ్ళు ఇందులో రావు. ప్రైవేటు చానెళ్ళకి స్లాట్లు వేలంలో ఇస్తారు కాబట్టి ఈ ఏడు కనిపించింది వచ్చే ఏడు ఉండకపోవచ్చు. అమ్మగారి సీరియళ్ళకి ఇది చాలదు, వెనక గది డబ్బా టీవీకి మాత్రం ఇంతకన్నా చవకైన దారి లేదు. బాక్స్ కొనేటప్పుడు ఎంపెగ్-4 (వీడియోని కుదించే కొత్త పద్ధతి) అని రాసి ఉన్నదే తీసుకోండి. పాత ఎంపెగ్-2 బాక్సులు చవగ్గా అంటగడతారు, వాటిలో చానెళ్ళు కొన్ని అసలు కనపడవు. డబ్బా టీవీకి మూడు పిన్నుల ఏవీ అవుట్ ఉండాలి, హెచ్‌డీఎంఐ ఒక్కటే ఉన్న బాక్స్ మీకు పనికిరాదు.

బిగింపులోనే అంతా ఉంది. ఉపగ్రహం జీశాట్-15, 93.5 డిగ్రీల తూర్పున. పర్లాకిమిడి నుంచి ఉత్తరంతో లెక్కపెడితే దిశ దాదాపు 153 డిగ్రీలు, అంటే దక్షిణం నుంచి తూర్పుకి 27 డిగ్రీలు జరిగి. ఎత్తు 65 డిగ్రీల పైచిలుకు. బరంపురంలో దిశ 155, జయపురంలో 149, ఎత్తు అటూ ఇటూ అంతే.

గొట్టం నిలువుగా ఉందో లేదో మట్టం పెట్టి చూడటం మొదటి పని. గొట్టం వంగితే డిష్ వెనక బ్రాకెట్ మీది డిగ్రీల గీతలు అబద్ధం చెప్తాయి. ఆ గీత మీద 65 పెట్టండి. ఇది ఆఫ్‌సెట్ డిష్, అంటే సిగ్నల్ పట్టే ముక్క మధ్యలో కాకుండా కింది వైపు ఉండే రకం కాబట్టి ముఖం చూడ్డానికి బాగా కిందికి, 40 చిల్లర డిగ్రీలకి చూస్తున్నట్టు ఉంటుంది, అది సరైనదే. దిక్కు కోసం ఫోన్ కంపాస్ వాడితే ఇనప గొట్టానికి నాలుగైదు అడుగుల దూరంలో నిలబడి చూసుకోండి, దగ్గర పెడితే ముల్లు తప్పుతుంది. తర్వాత బాక్స్‌లో సిగ్నల్ తెర తెరిచి, ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు సిగ్నల్ పట్టే ముక్క) రకం యూనివర్సల్, 9750-10600 అని పెట్టి, డిష్‌ని పక్కకి గోరంత గోరంత తిప్పుతూ ప్రతిసారీ రెండు మూడు సెకన్లు ఆగాలి. స్ట్రెంగ్త్ పట్టీ చూసి మోసపోవద్దు, డిష్ ఎటు చూసినా అది నిండినట్టే ఉంటుంది. క్వాలిటీ కదిలితేనే ఉపగ్రహం దొరికినట్టు. ఆఖర్న ఎల్‌ఎన్‌బీని దాని క్లాంపులోనే మెల్లగా తిప్పండి. మన వైపు 25 డిగ్రీల దాకా వంపు కావాలి, నిటారుగా వదిలేస్తే క్వాలిటీ సగంలో ఆగిపోతుంది. చాలామంది వదిలేసేది ఈ మెట్టే.

60 సెంటీమీటర్ల డిష్ గురి నుంచి డిగ్రీన్నర జరిగితే అందే సిగ్నల్ సగమవుతుంది. అంచు దగ్గర కొలిస్తే ఆ జరుగుడు సెంటీమీటరు కూడా ఉండదు. ఎండాకాలం బొమ్మ బాగానే ఉంటుంది, వాన మొదలవగానే గళ్ళు గళ్ళుగా పగులుతుంది. సరిగ్గా బిగించిన డిష్‌కి కుండపోతలో కాసేపు పోయి మళ్ళీ వస్తుంది, చినుక్కే పోతోందంటే తప్పు గురిలోనో కనెక్టర్‌లోనో ఉన్నట్టు. ఎఫ్ కనెక్టర్ (తీగ కొనన ఉండే మర ముక్క) విప్పి చూడండి, మధ్య రాగి తీగ పచ్చబడితే నీళ్ళు దిగాయి. ఆ ముక్క కోసేసి, కొత్త కనెక్టర్ వేసి, రబ్బరు టేపు చుట్టి, ఎల్‌ఎన్‌బీ దగ్గర డిష్ తీగని (ఆర్‌జీ-6) కిందికి ఒక వంపు వేలాడనివ్వండి. అప్పుడు నీళ్ళు వంపు అడుగునుంచి కారిపోతాయి.

మన ప్రాంతంలో కొండలు అడ్డు కావు, ఎత్తు 65 డిగ్రీలు కాబట్టి. కొబ్బరిచెట్టు అడ్డు. డిష్ కన్నా 20 అడుగులు ఎత్తున్న చెట్టుకి కనీసం 10 అడుగుల దూరం ఇవ్వండి, మట్టలు ఊగే చోటు వదిలి.

వంశధార (గుణుపురం):

ఎనిమిది దాటితే తిరగడం గురించి. హెచ్‌డీ వీడియోకి ఒక్కో తెరకి 5 ఎంబీపీఎస్ చాలు. హాలు టీవీ, మూడు ఫోన్లు కలిసినా 20. మీకు 40 నిజంగా వస్తుంటే తిరగకూడదు.

ఆ టైములోనే ఒక లాప్‌టాప్‌ని లాన్ తీగతో రౌటర్‌కి కలిపి స్పీడ్ చూడండి. తీగ మీద కూడా పడిపోతే తప్పు బయట ఉంది, కంపెనీకి ఫిర్యాదు పెట్టండి. ఫిర్యాదుకి ముందు ఓఎన్‌టీ (ఫైబర్ తీగ వచ్చి కలిసే పెట్టె) సెట్టింగ్స్ పేజీలో ఆప్టికల్ పవర్ అంకె రాసుకోండి. మైనస్ 15 నుంచి మైనస్ 25 మధ్య ఉంటే బాగున్నట్టు, మైనస్ 27 దాటితే లైను తెగుతూ వస్తుంది. కారణం తరచూ గోడ మూల దగ్గర మడత పడ్డ ఫైబర్ తీగే. దాన్ని గుండ్రంగా వదలాలి, మేకు కొట్టి వంచకూడదు.

తీగ మీద 40 వచ్చి టీవీలో తిరిగితే తప్పు వైఫైది. రాత్రిపూట చుట్టుపక్కల ఇళ్ళన్నీ 2.4 గిగాహెర్ట్జ్ మీదే ఉంటాయి. టీవీ, రౌటర్ ఒకే గదిలో ఉంటే టీవీని 5 గిగాహెర్ట్జ్ పేరుకి కలపండి. గోడలు దాటితే అది బాగా తగ్గిపోతుంది, అప్పుడు లాన్ తీగ లాగడమే నమ్మకం. చాలా టీవీల లాన్ సాకెట్ 100 ఎంబీపీఎస్‌దే, అయినా వీడియోకి ధారాళం.

క్రికెట్ యాప్‌లో చూస్తే డిష్ కన్నా అర నిమిషం దాకా వెనక నడవొచ్చు. పక్కింట్లో వికెట్ కేక ముందు వినపడుతుంది. హాల్లో మ్యాచ్‌కి బాక్సే పెట్టుకోండి.

మహేంద్రతనయ:

చాలా వివరంగా చెప్పారు, ధన్యవాదాలు. ఇంకో రెండు. ఫోన్ రీఛార్జ్‌తో వచ్చిన సబ్‌స్క్రిప్షన్ టీవీలో పనిచేయట్లేదు, ఫోన్ తెర టీవీ మీదకి పంపితే మాట వస్తోంది, బొమ్మ నల్లగా ఉంటోంది. రెండోది, ఫ్రీ డిష్ ఒకటే పెట్టి రెండు టీవీలకి వాడొచ్చా?

వంశధార (గుణుపురం):

రీఛార్జ్‌తో వచ్చేవి చాలావరకు మొబైల్ ప్లాన్లు, ఒక ఫోన్‌కే పరిమితం. టీవీకి వేరే ప్లాన్ కావాలి. కొనేముందు ఎన్ని పరికరాల్లో లాగిన్ అవ్వొచ్చు అన్నది కాదు, ఒకేసారి ఎన్ని తెరల మీద నడుస్తుంది అన్నది చూడండి. నల్ల తెర కాపీ కాకుండా యాప్ పెట్టుకున్న రక్షణ, అది టీవీ చెడిపోవడం కాదు. తెర మొత్తం పంపకుండా యాప్‌లోని క్యాస్ట్ గుర్తు నొక్కితే టీవీయే నేరుగా నెట్ నుంచి వీడియో తెచ్చుకుంటుంది, ప్లాన్ ఒప్పుకుంటే బొమ్మ వస్తుంది. అమ్మగారికి తప్పిపోయిన ఎపిసోడ్లు చూపించాలంటే స్టార్ మావి జియోహాట్‌స్టార్‌లో, జెమినివి సన్ నెక్స్ట్‌లో, జీ తెలుగువి జీ5లో, ఈటీవీవి ఈటీవీ విన్‌లో ఉంటాయి. నాలుగూ కొనక్కర్లేదు, ఆవిడ ఎక్కువ చూసే చానెల్‌ది ఒక్కటి చాలు.

గంజాం డిష్ (బరంపురం):

రెండు టీవీలకి రెండు అవుట్‌పుట్ల ఎల్‌ఎన్‌బీ వేసి, రెండు తీగలు, రెండు బాక్సులు పెట్టండి. కేబుల్ టీవీకి వాడే చీలిక ముక్క డిష్ తీగకి పెట్టొద్దు. బాక్స్ ఎల్‌ఎన్‌బీకి 13 వోల్టులో 18 వోల్టులో పంపి చానెల్ గుంపు మారుస్తుంది. రెండు బాక్సులు ఒకే తీగ మీద వేరే వేరే వోల్టేజీ అడిగితే ఒకదాంట్లో చానెళ్ళు మాయమవుతాయి. హాలు టీవీ వెనక శాటిలైట్ అని రాసిన మర సాకెట్ ఉంటే అక్కడ బాక్స్ కూడా అక్కర్లేదు, తీగ నేరుగా బిగించి టీవీలోనే వెతకండి.

కొరాపుట్ టీవీ (జయపురం):

రెండు మాటలు కలుపుతాను. డీటీహెచ్ తీసుకుంటే పిల్లల కోసం రిమోట్‌లో భాష బటన్ నొక్కి చూడండి. డిస్కవరీ లాంటి చానెళ్ళలో తెలుగు ఆడియో ఉంటుంది. బడిలో తెలుగు లేని పిల్లలకి రోజూ తెలుగు చెవిన పడే దారి అది, తప్పక వాడండి. బాక్స్ సెట్టింగ్స్‌లో ముందుగా వచ్చే ఆడియో తెలుగు అని పెడితే ప్రతిసారీ మార్చక్కర్లేదు.

రెండోది తుపాను. 2013 ఫైలిన్ గోపాలపూర్ దగ్గర, 2018 తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి, రెండూ అక్టోబరులోనే. స్తంభాలు పడితే కేబుల్, ఫైబర్ కలిసే పోతాయి, డిష్ ఒక్కటే మిగులుతుంది. దసరాకి ముందే డిష్ బోల్టులు బిగించి, దిశ, ఎత్తు గుర్తులు గొట్టం మీద పెయింటుతో గీసి పెట్టుకోండి, గాలికి తిరిగినా మళ్ళీ అక్కడికే తేవచ్చు. రౌటర్ కోసం 12 వోల్టుల మినీ యూపీఎస్ కొనేటప్పుడు అడాప్టర్ మీద రాసిన ఆంపియర్ చూసి, అంతకు తగ్గనిది తీసుకోండి.