కొత్త తీగలు ఎక్కించినంక ట్యూన్ నిలుస్తలేదు, జర చెప్పుండ్రి

హన్మకొండ పోరడు:
పొద్దటి సంది దీని మీదనే కూసున్న, తల పగులుతుంది. ఎలక్ట్రిక్ గిటార్‌కు మొదటిసారి తీగలు మార్చిన. ఆరోది ట్యూన్‌కు తెచ్చి ఐదోది బిగిస్తే ఆరోది దిగిపోతుంది. మళ్ల ఆరోది బిగిస్తే మిగతాయి పడిపోతున్నయ్. తీగలు నకిలీయా, తీగలు బిగించే కీలు ఖరాబైనయా? ఆదివారం వాయించాలె.

సోల్డర్:
బ్రిడ్జి ఫొటో పెట్టు, బాడీ మీద తీగల కొసలు పట్టుకునేది.

రోజ్‌వుడ్:
తీగలు తీసినప్పుడు ఫ్రెట్‌బోర్డు, అదే వేళ్లతో నొక్కే పట్టీ, తుడిచిన్రా? అందరూ మరిచేది అదే. రోజ్‌వుడ్ చెక్క అయితే బట్టకు నాలుగు చుక్కలు లెమన్ ఆయిల్ రాసి రుద్ది, పది నిమిషాలాగి పొడిబట్టతో తుడవాలి. పాలిష్ ఉన్న మేపుల్ చెక్కకు మాత్రం నూనె వద్దు, లోపలికి ఇంకదు, జిడ్డే మిగులుతుంది. వంటనూనె దేనికీ పనికిరాదు. స్టీల్ పీచుతో ఫ్రెట్లు (పట్టీ మీది అడ్డ లోహపు గీతలు) రుద్దితే ముందు పికప్‌ల మీద, అంటే తీగల కింద అయస్కాంతాలున్న భాగాల మీద, టేపు అంటించండి. అయస్కాంతానికి పట్టిన ఇనుపపొడి ఒక పట్టాన పోదు.

హన్మకొండ పోరడు:
నేనడిగిందేంది అన్నా, మీరు చెప్పేదేంది! ఫొటో పెట్టిన. బ్రిడ్జి వెనక అంచు మీదికి లేచింది, మొదట్ల గిట్ల లేకుండె. పాతయి అన్నీ ఒక్కసారే కట్ చేసి తీసిన. అవి 9 నంబరు మందం, ఇవి 10.

సోల్డర్:
బిగుతుమీదున్న తీగ కట్ చెయ్యొద్దు. మొహానికి కొడతది.

ఓరుగల్లు రిఫ్:
9 తీసి 10 వేసిన్నని ముందే చెప్తే పని అయిపోవు. తీగలూ కీలూ మంచిగనే ఉన్నయ్. నీది తేలే బ్రిడ్జి. ముందట తీగలు గుంజుతయ్, వెనక గూట్ల స్ప్రింగులు గుంజుతయ్, రెండూ సమమైన కాడ బ్రిడ్జి ఆగుతది. ఒక తీగ బిగిస్తే బ్రిడ్జి ముందుకు వంగి మిగతాయి సడలుతయ్. 9–42 సెట్టు (సన్న తీగ మందం నుంచి లావు తీగ మందం దాక) గుంజుడు మొత్తం కలిపి దాదాపు 38 కిలోలు, 10–46 ది దాదాపు 46. స్ప్రింగులేమో పాత లెక్కకే బిగించి ఉన్నయ్.

వెనక ప్లాస్టిక్ మూత ఇప్పు. స్ప్రింగుల కొసలు తగిలించిన ఇనుప పట్టీకి రెండు పొడుగు స్క్రూలుంటయ్. తీగలు కొంచెం సడలించి, రెండు స్క్రూలనూ సమంగ సగం చుట్టు బిగించి, ట్యూన్ చేసి చూడు. బ్రిడ్జి వెనక అంచుకూ బాడీకీ నడుమ 3 మి.మీ. సందు వచ్చేదాక ఇదే పని. ట్యూనింగ్ ఆరు నుంచి ఒకటి దాక, మళ్ల ఆరు నుంచి. నాలుగైదు రౌండ్లు తిరిగితే తేడా తగ్గుకుంట వస్తది, మధ్యల ఒక్క తీగ పట్టుకోని కొట్లాడకు. తర్వాత ఒక్కో తీగను పన్నెండో ఫ్రెట్ కాడ మెల్లగ మీదికి లాగి మళ్ల ట్యూన్ చెయ్యి. కొత్త తీగ సాగకుంట నిలవదు.

వచ్చేసారి ఒక్కో తీగే మార్చు. అన్నీ తియ్యాలంటే బ్రిడ్జి కింద అట్టముక్క మడిచి పెట్టు.

సోల్డర్:
తేలే బ్రిడ్జి కాదు, ట్రెమొలో.

రోజ్‌వుడ్:
ట్రెమొలో అంటే శబ్దం పెరుగుడు తగ్గుడు. స్వరం ఊగితే వైబ్రాటో. 1954 లో స్ట్రాటోకాస్టర్ గిటార్ బ్రిడ్జికి ఫెండర్ కంపెనీ వాళ్లు పెట్టిన పేరే తప్పు.

సోల్డర్:
దుకాణంల వైబ్రాటో స్ప్రింగులు అని అడిగి చూడు, ఏమిస్తడో.

ఓరుగల్లు రిఫ్:
ట్రెమొలో బ్రిడ్జిని బాడీకి ఆనించి బిగిస్తే తేలదు. ఈ తమ్మునిది తేలుతుంది, అందుకే అట్ల అన్న.

రోజ్‌వుడ్:
పేరు తప్పే కదా.

హన్మకొండ పోరడు:
స్క్రూలు బిగించినంక సందు 3 మి.మీ.కు వచ్చింది, ఆరోది ఆగింది. మూడోది మాత్రం కొంచెం కొంచెం జారుతుంది, కీ మీద ఒక్కటే చుట్టు ఉంది.

ఓరుగల్లు రిఫ్:
పొట్టిగ కట్ చేసినవ్. సన్న తీగకు మూడు చుట్లన్న ఉండాలె, పైనుంచి కిందికి వరుసగ. కొలత ఏం లేదు, దాని కీ దాటినంక ఇంకో రెండు కీల దూరం వదిలి కట్ చెయ్యి. ఇప్పుడు ఆ ఒక్కటి కొత్తది వేసుకో.

హన్మకొండ పోరడు:
సరే అన్నా, రేపు తెస్త. థ్యాంక్స్.

రోజ్‌వుడ్:
ఇంతకూ ఫ్రెట్‌బోర్డు మేపులా, రోజ్‌వుడ్డా?