ఆదికాండము, బిగ్ బ్యాంగ్: ఇంటర్ పిల్లలకు ఎలా చెప్పాలి?

అందరికీ వందనాలు. మాది కాజీపేట. మా చర్చిలో ఇంటర్ పిల్లలకు ఆదివారం బైబిల్ క్లాస్ చెప్తాను. పోయిన వారం బైపీసీ చదివే అమ్మాయి ఆదికాండము మొదటి అధ్యాయం మీద వేలు పెట్టి అడిగింది: "అక్కా, సూర్యుడు నాలుగో రోజు కదా వచ్చింది! మరి ముందు మూడు రోజులు ఎట్లయినయి?"

అక్కడే ఉన్న పెద్దాయన "విశ్వాసం ఉంటే ఇట్లాంటివి అడగరు" అన్నారు. నాకు చాలా బాధేసింది. ఆ రోజులు మనం లెక్కపెట్టే రోజుల్లాంటివేనా అని దాదాపు 1600 ఏళ్ల కిందటే క్రైస్తవ బిషప్ అగస్టీన్ ఆలోచించాడు. విశ్వం వ్యాకోచిస్తోందని 1927లో రాసి, బిగ్ బ్యాంగ్ ఆలోచనకు దారి వేసిన జార్జ్ లెమేత్ర్ కాథలిక్ ఫాదర్. బఠానీ మొక్కలతో వంశపారంపర్య సూత్రాలు కనుక్కున్న మెండెల్ కూడా మఠంలో ఉన్నవాడే.

అట్లాగని "సైన్స్ బైబిల్‌ను రుజువు చేసింది" అని చెప్పడం నాకిష్టం లేదు. 1951లో పోప్ 12వ పయస్ దాదాపు అట్లాగే మాట్లాడితే లెమేత్రే ఒప్పుకోలేదు.

విశ్వం వయసు సుమారు 1380 కోట్ల ఏళ్లని, జీవపరిణామాన్ని ఒప్పుకుంటూనే ఆదికాండాన్ని మీరెలా చదువుతున్నారు? పాస్టర్లు, ఫాదర్లు, సైన్స్ లెక్చరర్లు ఎవరైనా చెప్పండి. పిల్లలకు అర్థమయ్యే తెలుగు పుస్తకం ఉన్నా చాలు. హనుమకొండ వైపు వాళ్లయితే ఒక ఆదివారం క్లాసుకు రాగలరా?