కూంబ్స్ పాజిటివ్ వస్తే ఎర్ర కణాల్లోనే లోపమున్నట్టా?

ప్రశ్న – గాజువాక నుంచి

మా అమ్మగారి వయసు 58. పది రోజులుగా ఆయాసం, కళ్లు పచ్చబడటం ఉంటే విశాఖలోని ఒక ఆసుపత్రిలో చూపించాము. హిమోగ్లోబిన్ 5.8 ఉందనీ, డైరెక్ట్ కూంబ్స్ పరీక్ష పాజిటివ్ వచ్చిందనీ చెప్పారు. ఆవిడది ఓ పాజిటివ్ గ్రూపే అయినా, బ్లడ్ బ్యాంకులో క్రాస్ మ్యాచ్ (దాత రక్తం రోగి రక్తంతో సరిపోతుందా అని చూసే పరీక్ష) చేసిన ఏ యూనిట్టూ సరిపోలేదు. ఎర్ర కణాల మీది యాంటీజెన్లే, అంటే గ్రూపు తెలిపే గుర్తులే, తేడాగా ఉన్నాయని బంధువొకరు అంటున్నారు. అదే నిజమైతే నాకూ, మా చెల్లెలికీ వస్తుందా?

జవాబు – బ్లడ్ బ్యాంకు టెక్నీషియన్, సీతమ్మధార

మీరు రాసినదాన్నిబట్టి తేడా కణాలది కాదు, వాటిని పరాయివిగా పొరబడిన సొంత యాంటీబాడీలది, అంటే ఒంటిని కాపాడాల్సిన ప్రొటీన్లది. ఈ జబ్బును ఆటోఇమ్యూన్ హీమోలిటిక్ అనీమియా అంటారు. 1945లో కూంబ్స్, మౌరంట్, రేస్ వెలువరించిన కూంబ్స్ పరీక్ష, రోగి కణాలకు ఒంట్లోనే అంటుకున్న యాంటీబాడీలనో, వాటికి తోడ్పడే కాంప్లిమెంట్ ప్రొటీన్లనో పట్టి చూపుతుంది. ఈ జబ్బులో శరీరపు వేడి దగ్గర పనిచేసే రకంలో ఆ యాంటీబాడీలు తరచుగా ఆర్‌హెచ్ ప్రొటీన్లను, అంటే దాదాపు అందరి కణాల మీదా ఉండేవాటినే పట్టుకుంటాయి. కాబట్టే ఏ దాత రక్తమైనా సరిపోనట్టు కనిపిస్తుంది.

నన్ను నిజంగా కలవరపెట్టే విషయం వేరే ఉంది. పాత కాన్పుల్లోనో, రక్తం ఎక్కించినప్పుడో పరాయి కణాల మీద పుట్టిన, ఎక్కించే రక్తాన్ని దెబ్బతీయగల మరో యాంటీబాడీ, యాంటీ-ఇ, యాంటీ-కెల్ వంటిది, వీటి చాటున దాగి ఉండవచ్చు. స్వీయ యాంటీబాడీలను ఎర్ర కణాలకు పట్టించి సీరం (రక్తంలోని ద్రవభాగం) లోంచి తీసివేసి, మిగిలినదాన్ని మళ్లీ పరీక్షిస్తేనే అది బయటపడుతుంది. అందువల్ల అమ్మగారి కాన్పులు, గర్భస్రావాలు, రక్తమార్పిడుల వివరాలన్నీ బ్లడ్ బ్యాంకుకు ఈరోజే చెప్పండి. ప్రాణాపాయం ఉంటే మాత్రం సరిపోలేదన్న భయంతో రక్తం ఆపకూడదు. ఉన్నవాటిలో తగినదాన్ని దగ్గరుండి గమనిస్తూ నెమ్మదిగా ఎక్కిస్తారు.

జవాబు – ఫిజీషియన్, ఎంవీపీ కాలనీ

మీ బంధువు చెప్పినటువంటి జబ్బులు లేకపోలేదు, కాని అత్యంత అరుదు. ఆర్‌హెచ్ ప్రొటీన్లు గ్రూపు తెలిపే గుర్తులు మాత్రమే కావు, కణపు పొర నిలకడకు కూడా అవే ఆధారం. అవి బొత్తిగా లేని ‘ఆర్‌హెచ్ నల్’ రక్తాన్ని 1961లో ఒక ఆస్ట్రేలియా ఆదివాసీ మహిళలో గుర్తించారు. అటువంటి కణాలు నోరు తెరిచినట్టుండే ఆకారం దాల్చి త్వరగా నశిస్తాయి. అక్కడ గాని, మన పాడేరు, అరకు ప్రాంతాల్లో కనిపించే, ఎర్ర కణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్‌లో గాని కూంబ్స్ సాధారణంగా నెగటివ్‌గానే ఉంటుంది.

అమ్మగారిది మామూలుగా పిల్లలకు సంక్రమించేది కాదు. చికిత్స స్టెరాయిడ్లతో మొదలవుతుంది. దీని వెనుక లూపస్ (రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బు), లింఫోమా (ఒక రకం రక్త క్యాన్సర్), వాడుతున్న మందులు వంటి కారణాలున్నాయేమో వెతికించండి.

ప్రశ్న అడిగినవారు

చెల్లెలి కాన్పులో, 1996లో, అమ్మకు రెండు యూనిట్లు ఎక్కించారని నాన్నగారు ఇప్పుడే గుర్తుచేసుకున్నారు. ఆ సంగతి మేమెవరం ఆసుపత్రిలో చెప్పలేదు. చెప్పడానికి ఇప్పుడే బయలుదేరుతున్నాను.