అమ్మ ఉండే వృద్ధాశ్రమంలో రాత్రిళ్లు గేటుకు తాళం. మీ దగ్గరా ఇంతేనా?

సుధ, గుంటూరు:
అమ్మ ఉండే హోమ్ రెండంతస్తుల అద్దె ఇల్లు. చూసుకోవడం బాగానే చూసుకుంటారు. కానీ రాత్రి తొమ్మిదయితే మెట్ల దగ్గర చానల్ గేటుకు తాళం. మతిమరుపు ఉన్నవాళ్లు బయటికెళ్లిపోతారని వాళ్ల భయం. నిప్పంటుకుంటే ఎలాగండీ అంటే "తాళంచెవి ఆయా దగ్గరే ఉంటుంది మేడమ్" అన్నారు. ఆ ఆయా పడుకునేది కింద, వంటింటి పక్కన! అప్పట్నుంచీ ఒకటే టెన్షన్.

రమణ_హైదరాబాద్:
2023 జనవరి 1న ఢిల్లీ గ్రేటర్ కైలాష్‌లో ఇలాంటి హోమ్‌లోనే మంటలొచ్చి ఇద్దరు పెద్దావిడలు పోయారు. తాళం సంగతి గట్టిగా అడగండి.

నైట్‌డ్యూటీ నర్సు:
మేం తాళం తీసేసి పైన గడియ, తలుపుకో అలారం పెట్టించాం. ఎవరు తీసినా మోగుతుంది. ఇక మంచంలో ఉన్నవాళ్ల సంగతి. రాత్రి ఒక్కరే డ్యూటీలో ఉంటే మోయడం అయ్యే పని కాదు. పరుపు మీది దుప్పటితో సహా మెల్లగా నేల మీదికి దించి, తలవైపు కొసలు పట్టుకుని లాగాలి. ఓసారి మా ఆయానే పడుకోబెట్టి చూశాం. మొజాయిక్ మీద సర్రున వచ్చింది, గడప దగ్గర ఆగిపోయింది. ఆ గడప తీయించేదాకా మేనేజరును వదల్లేదు. అందర్నీ ఒకేసారి మెట్లు దించాలని చూడొద్దు. ముందు పొగ లేని గదిలోకి చేర్చి తలుపు మూసి, సందుల్లో తడిబట్ట కుక్కి, 101కి ఫోన్ చేయాలి. లిఫ్టు జోలికి మాత్రం పోవద్దు.

డల్లాస్_శ్రీను:
ఇక్కడ అమెరికాలో నర్సింగ్ హోముల్లో 2013 నుంచి స్ప్రింక్లర్లు (మంటొస్తే పైకప్పు నుంచి నీళ్లు చిమ్మేవి) తప్పనిసరి. ప్రతి షిఫ్టువాళ్లకూ మూడు నెలలకోసారి డ్రిల్, అంటే మంటొస్తే ఏం చేయాలో రిహార్సల్, ఉంటుంది. అక్కడా అడగొచ్చు కదా?

రమణ_హైదరాబాద్:
అద్దె ఇంట్లో స్ప్రింక్లర్లా శ్రీనుగారూ! డ్రిల్ అయితే పైసా ఖర్చు లేదు, అది అడగొచ్చు. సుధగారూ, మెట్ల కింద ఏముందో కూడా చూడండి. 2022లో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ బైకుల షోరూమ్‌లో మంట పుట్టింది. పొగ మెట్లదారిన పైనున్న లాడ్జికి ఎక్కి ఎనిమిది మంది పోయారు.

నైట్‌డ్యూటీ నర్సు:
ఆక్సిజన్ పెట్టుకున్నవాళ్ల గదిలో దీపం, అగరబత్తి వద్దు. పెద్దవాళ్లు ఒప్పుకోరు, మేం దేవుడి పటాన్ని హాల్లోకి మార్చాం.

సుధ, గుంటూరు:
మెట్ల కింద ఇన్వర్టరు, పాత పరుపులు ఉన్నాయి. ఆదివారం అన్నయ్యను తీసుకెళ్లి మాట్లాడతా. ఆ గేటు అలారం ఎక్కడ కొన్నారండీ?

నైట్‌డ్యూటీ నర్సు:
మామూలు ఎలక్ట్రికల్ షాపులోనే. బ్యాటరీది తీసుకోండి, కరెంటు పోయినా మోగాలి.